రైతు మాటను చట్టసభకు మోసిన ఆచార్య రంగా

వెలిగండ్ల: అధికార పార్టీలో మంచి పదవిలో వుండి, ఆ పార్టీ చేసిన తీర్మానం రైతుకు చేటు అని తోచగానే పదవినీ పార్టీనీ వదిలి పల్లెల మీద పడ్డ నాయకులు తెలుగునాట బహు కొద్దిమంది. వారిలో ఆచార్య ఎన్.జి.రంగాను ముందు చెప్పుకోవాలి. ఆయన తొలి అధ్యక్షులుగా 1959లో వెలసిన స్వతంత్ర పార్టీ పేరు నేటి యువకులు విని వుండరు. దాని నక్షత్రం గుర్తును ఎరిగిన వృద్ధులు ఊరికి ఒకరిద్దరు మిగిలి వుంటే గొప్పే. ప్రభుత్వం తన హద్దులో తాను వుండాలని, రైతు పొలం రైతుదేనని, చట్టసభలో సభ్యుడి నోటికి పార్టీ తాళం వేయరాదని ఆ పార్టీ ఆనాడు చెప్పింది. చెప్పి ఏమి సాధించింది, చెప్పిన మనిషి చివరకు ఏమయ్యారు అన్నది రైతు కుటుంబాలవారు తెలుసుకోదగిన సంగతి.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరులో చదువుకొని, ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి 1926లో పట్టా పుచ్చుకున్నారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠం చెప్పారు. ఆచార్య అన్న మాట ఆయన పేరు ముందు చేరి, చివరి దాకా అలాగే వుండిపోయింది. అంతకు ముందే 1923లో నిడుబ్రోలులో తమ మంచినీళ్ళ బావిని హరిజనులకు తెరిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1930లో గాంధీజీ పిలుపుతో ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చారు. అదే ఏడు కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1933లో నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టారు. సాగు పద్ధతులు చెప్పే బడి కాదది. శిస్తు లెక్క ఎలా కడతారు, చట్టం ఏమంటుంది, అధికారి ఎదుట మాట ఎలా నిలబెట్టాలి, సభలో ఎలా మాట్లాడాలి అన్నవి రైతు బిడ్డలకు అక్కడ నేర్పేవారు. నోరు లేని రైతుకు నోరు ఇవ్వడమే ముందు జరగవలసిన పని అని రంగా నమ్మకం. ఆయన జీవితమంతా దీని చుట్టే తిరిగిందని చెప్పవచ్చు.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆంధ్ర రైతు సంఘాల వారు ఆ తర్వాత జరిపిన పాదయాత్ర నేటికీ తలచుకోదగినది. ఉత్తరాన ఇచ్ఛాపురంలో బయలుదేరి, తొమ్మిది జిల్లాలు దాటి, 130 రోజులు, 1,500 మైళ్ళకు పైగా నడిచారు. దారిలో వందల సభలు జరిగాయి. రైతుల చేత రాయించుకున్న 1,100కు పైగా అర్జీలను 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు సమర్పించారు. పత్రిక చదవలేని రైతు, అర్జీ రాయలేని రైతు కష్టం కాగితం మీదికెక్కి చట్టసభ గుమ్మం తొక్కింది. అప్పుల నుంచి ఊరట కావాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. మద్రాసు ప్రభుత్వం అందుకు చట్టం కూడా తెచ్చింది.

మన ప్రాంతానికి దీనితో సంబంధం లేకపోలేదు. నేటి ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను వుండేవి. పొదిలి, దర్శి వైపు ఊళ్ళు అనేకం వెంకటగిరి జమీందారీ కింద నలిగినవే. జమీందారు మనుషులు పంట కళ్ళం మీద వుండగానే వచ్చి కూర్చునే రోజులవి. నెల్లూరు నుంచి వెలువడిన జమీన్ రైతు వారపత్రిక పేరే ఆనాటి కథ చెబుతుంది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. దాని వెనుక వున్న ఇరవై ఏళ్ళ ఘోషలో రంగా గొంతు ఒకటి.

స్వాతంత్ర్యం తర్వాత కాంగ్రెసులో ఆయనకు పొసగలేదు. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో శ్రీ నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడారు. 1951లో టంగుటూరి ప్రకాశం పంతులుతో పాటు కాంగ్రెసును వీడారు. కొద్ది కాలానికే ఇద్దరి దారులు వేరయ్యాయి. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. అది 1952లో మద్రాసు శాసనసభకు 15 స్థానాలు, కాంగ్రెసుతో పొత్తు పెట్టుకొని 1955లో ఆంధ్ర శాసనసభకు 22 స్థానాలు గెలిచింది. పొత్తు విలీనానికి దారి తీసింది. 1957లో రంగా కాంగ్రెసు టిక్కెట్టు మీదనే తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీకి కార్యదర్శి కూడా అయ్యారు. ఇక హాయిగా వుండిపోవచ్చు.

వుండిపోలేదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ సహకార సేద్యాన్ని ఆమోదించింది. ఊళ్ళో పొలాలన్నీ కలిపి ఉమ్మడిగా దున్నాలి, హక్కు రైతుదే అయినా గట్లు వుండవు, పంటలో భూమిని బట్టి వాటా, పనిని బట్టి ప్రతిఫలం అన్నది దాని సారాంశం. కాగితం మీద బాగానే వుంది. కానీ మెట్ట ప్రాంతంలో నాలుగెకరాల వాడికి గట్టు అంటే ఏమిటో పట్నంలో తీర్మానం రాసేవారికి తెలియదు. రంగా అభ్యంతరమూ అక్కడే వుంది. తన కాళ్ళ మీద తాను బతికే రైతు, చేనేత కార్మికుడు, చిన్న వర్తకుడు, చేతివృత్తులవాడు ఒకరి దయ మీద ఆధారపడడు, కనుక ఒకరికి భయపడి మాట మింగడు అని ఆయన వాదం. పొలం ఉమ్మడి అయి, విత్తనం నుంచి గింజ దాకా సంఘం కార్యదర్శి చేతిలో పడితే, ఆ కార్యదర్శి పార్టీకి ఎదురు చెప్పే ధైర్యం రైతుకు ఎక్కడినుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. ఉత్తరప్రదేశ్ నాయకులు చౌధరి చరణ్‌సింగ్ కూడా అదే సభలో సహకార సేద్యాన్ని ఎదిరించారు. అయితే చరణ్‌సింగ్ అప్పట్లో కాంగ్రెసులోనే వుండిపోగా, రంగా రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు.

1959 జూన్‌లో మద్రాసులో రాజాజీ, మీనూ మసానీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీని ప్రకటించారు. అధ్యక్షులుగా రంగా ఎన్నికయ్యారు. పరిశ్రమ పెట్టాలన్నా, వ్యాపారం చేయాలన్నా ప్రతిదానికీ సర్కారు అనుమతి కోసం బారులు తీరే పాలనకు రాజాజీ పర్మిట్ లైసెన్స్ రాజ్యం అని పేరు పెట్టారు. పార్టీ మూలసూత్రాలు 21. వాటిలో అన్నిటికన్నా వింతైనది చివరిది. ఈ సూత్రాల పరిధిలోకి రాని విషయాలన్నిటిలో సభ్యులు తమకు తోచినట్లు మాట్లాడవచ్చు, తోచినట్లు ఓటు వేయవచ్చు. పార్టీ మాటే వేదం అని చెప్పే కాలంలో ఒక పార్టీ తన సభ్యులకు ఇలా స్వేచ్ఛ రాసివ్వడం విడ్డూరంగానే తోచింది.

కొత్త పార్టీకి జనంలోకి వెళ్ళే సాధనాలు తక్కువ. ఆకాశవాణి సర్కారు చేతిలోది. 1977 ఎన్నికల దాకా రేడియోలో పార్టీలకు ప్రచార సమయం ఇచ్చే పద్ధతే లేదు. తెలుగునాట నుంచి వెళ్ళిన పాత్రికేయులు ఖాసా సుబ్బారావు 1956లో మద్రాసులో ప్రారంభించిన స్వరాజ్య వారపత్రికలో రాజాజీ రాసేవారు. అయితే అది ఇంగ్లీషు పత్రిక. పల్లెకు చేరదు, చేరినా చదివేవాడు లేడు. మిగిలింది రచ్చబండ, సంత, పెట్రోమాక్స్ దీపం వెలుగులో సభ. ఆ విద్య రంగాకు ముప్పయి ఏళ్ళుగా అలవాటైనదే.

1962 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 18, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానాలు వచ్చాయి. పార్టీ అధ్యక్షుడు మాత్రం తెనాలిలో పరాజయం చవిచూశారు. అదే ఏడు చిత్తూరు ఉప ఎన్నికలో నిలిచి గెలిచి సభలో అడుగు పెట్టారు.

అక్కడ ఆయన ముందుకు వచ్చిన పెద్ద వ్యవహారం రాజ్యాంగం 17వ సవరణ. జమీందారీల కోసం చట్టంలో వాడిన ఎస్టేటు అన్న మాటకు అర్థాన్ని సాగదీసి, మామూలు రైత్వారీ పట్టా భూములను కూడా అందులో కలపాలన్నది ఆ సవరణ. జమీందారుకు, నాలుగెకరాల రైతుకు ఒకే పేరు పెట్టడం ఏమి న్యాయమని స్వతంత్ర పార్టీ దేశమంతా తిరిగి అడిగింది. 1964 ఏప్రిల్‌లో బిల్లుకు అవసరమైన మెజారిటీ చాలక లోక్‌సభలో వీగిపోయింది. జూన్‌లో మళ్ళీ తెచ్చి నెగ్గించారు. అయితే చట్టంలో ఒక రక్షణ నిలిచింది. స్వయంగా సాగు చేసుకుంటూ, గరిష్ఠ పరిమితికి లోబడి వున్న భూమిని ప్రభుత్వం తీసుకొనేటట్లయితే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం చెల్లించాలి. రాజ్యాంగం 31ఎ అధికరణంలో ఆ నిబంధన నేటికీ వుంది. భూసేకరణ నోటీసు అందుకున్న రైతు తెలుసుకోవలసిన ముక్క ఇది. సహకార సేద్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాగపూర్‌లో అనుకున్న తీరున అది దేశంలో ఎక్కడా వేళ్ళూనలేదు.

పార్టీలో లోపాలు లేవని కాదు. జమీందారీలతో పోరాడిన రంగా పక్కన ఇప్పుడు బీహారు రామగఢ్ రాజా, ఒరిస్సా, రాజస్థాన్ సంస్థానాధీశులు, మిల్లు యజమానులు వచ్చి కూర్చున్నారు. ఇది రాజుల పార్టీ అని కాంగ్రెసు, కమ్యూనిస్టులు అన్నదానికి జవాబు చెప్పడం కష్టమే అయింది. సొంత పొలం వున్నవాడే నిర్భయంగా మాట్లాడగలడన్నది నిజమైతే, సెంటు భూమి లేని కూలి మాట ఏమిటి? పడమటి ప్రకాశంలో కరువు వచ్చిన ఏటల్లా ఊళ్ళు వదిలి వలస పోయే కుటుంబాలను చూసినవారికి ఈ ప్రశ్న తట్టకమానదు. రంగా పార్టీ దానికి నిండైన సమాధానం ఇవ్వలేకపోయింది.

1967లో పార్టీ లోక్‌సభలో 44 స్థానాలతో అతి పెద్ద ప్రతిపక్షమైంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోనూ 29 స్థానాలతో కాంగ్రెసు తర్వాత స్థానంలో నిలిచింది. రంగా ఆ సంవత్సరమే శ్రీకాకుళం ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. కానీ 1971లో ఇందిరాగాంధీ గాలికి పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. రంగా కూడా ఓడారు. 1972లో ఆయన తిరిగి కాంగ్రెసులో చేరారు. ఆ డిసెంబరులోనే రాజాజీ కన్నుమూశారు. 1974లో స్వతంత్ర పార్టీ మిగిలిన భాగం చరణ్‌సింగ్ గారి భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికల మీద సెన్సారు, ప్రతిపక్ష నాయకులు జైలుకు. పాత సహచరుడు మసానీ తన పత్రికలో సెన్సారు కొట్టివేసిన రాతల కోసం బొంబాయి హైకోర్టుకెక్కి 1976లో గెలిచారు. సభ్యుడి నోటికి తాళం వేయరాదని రాసిన పార్టీకి తొలి అధ్యక్షులైన రంగా ఆనాడు ఆ తాళం వేసిన పార్టీలో వున్నారు. ఆయనను అభిమానించేవారు కూడా ఈ చోట కాస్త ఆగక తప్పదు. రైతుకు ఏదైనా చేయాలంటే అధికారం వున్న చోట వుండాలని ఆయన తలచి వుండవచ్చునని కొందరు సర్దిచెప్పుకుంటారు. అయితే 1951లో, 1959లో ఆయన చేసిన పని ఆ లెక్కకు లొంగదు.

ఆ తర్వాత రాజ్యసభలోను, 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచి లోక్‌సభలోను కూర్చున్నారు. తొంభై ఏళ్ళ వయసు వచ్చేదాకా పార్లమెంటులో రైతు సమస్యలు లేవదీస్తూనే వచ్చారు. ఇంగ్లీషులోను తెలుగులోను అనేక గ్రంథాలు రాశారు. 1991లో సభ నుంచి విశ్రాంతి తీసుకున్నారు. పద్మవిభూషణ్ ఆ ఏటనే వచ్చింది. 1995 జూన్‌లో పరమపదించారు.

మరుసటి ఏడు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. గుంటూరు సమీపాన లాంలో దాని కేంద్ర కార్యాలయం వుంది. మన వైపు రైతులు విత్తనానికో, తెగులుకు మందు సలహాకో వెళ్ళే దర్శి కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఆ విశ్వవిద్యాలయానిదే.