విద్యాతత్త్వవేత్త సర్ మైకేల్ సాడ్లరు

ఒక దేశమున చక్కగా నడచుచున్న పాఠశాలను చూచి, దానిని అట్లే మరియొక దేశమునకు తెచ్చి నిలుపుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో జీవితమును ధారపోసిన మహనీయుడు సర్ మైకేల్ సాడ్లరు. వివిధ దేశముల విద్యావిధానములను సరిపోల్చి పరిశీలించు తులనాత్మక విద్యాశాస్త్రమునకు దారి చూపినవారిలో ఆయన ముఖ్యుడు.

సాడ్లరు 1861వ సంవత్సరము జూలై 3వ తేదీన ఇంగ్లండులోని బార్న్‌స్లీ పట్టణమున జన్మించెను. ఆక్సుఫర్డులో విద్య ముగించి, 1885లో ఆ విశ్వవిద్యాలయమువారి బహిరుపన్యాస శాఖకు కార్యదర్శి అయ్యెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కలేని శ్రామికులకును స్త్రీలకును వారి ఊళ్లలోనే ఉపన్యాసములు ఏర్పాటు చేయుట ఈ శాఖ పని. ఉపన్యాసకునితోపాటు గ్రంథముల పెట్టెలును ఊరూరికి పోయెడివి. 1935లో కృష్ణా కాలువపై పాతూరి నాగభూషణము నడపిన పడవ గ్రంథాలయము నెరిగిన తెలుగువారికి ఈ సంచార గ్రంథాలయముల విలువ వేరుగా చెప్ప నక్కరలేదు.

1895లో ఆయన ఇంగ్లండు విద్యాశాఖలోని ప్రత్యేక పరిశోధన కార్యాలయమునకు అధిపతి అయ్యెను. ఇతర దేశముల విద్యను గూర్చి ఆ కార్యాలయము పెక్కు సంపుటములను వెలువరించెను. ఈ పరిశ్రమ ఫలితముగా 1900లో గిల్డుఫర్డులో నొక ప్రసంగము చేసెను. పాఠశాల లోపలి విషయములకంటె వెలుపలి విషయములే ముఖ్యమని అందు బోధించెను. ఒక మడిలో పెరిగిన నారు వేరొక నేలలో అట్లే పండదు. ప్రజల చరిత్ర, ఆచారములు, కష్టసుఖములు తెలియక వారి బడి తెలియదు. అయినను పరదేశ విద్యను శ్రద్ధగా చదివినవాడు స్వదేశ విద్యను మరింత బాగుగా గ్రహింపగలడని ఆయన విశ్వాసము.

పరిశోధన ప్రభుత్వపు అవసరములకు లొంగి యుండరాదని ఆయన పట్టు. ఒకప్పుడు తనకు సహాయకుడై, పిదప విద్యాశాఖకు పెద్దయైన రాబర్టు మోరంటుతో ఈ విషయమున భేదము కలిగెను. వలసిన ధనమును స్వాతంత్ర్యమును లభింపనందున 1903లో పదవిని త్యజించెను. అనంతరము మాంచెస్టరులో విద్యాచార్యుడై, 1911లో లీడ్సు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను.

1917లో భారత ప్రభుత్వము కలకత్తా విశ్వవిద్యాలయ సంఘమునకు ఆయనను అధ్యక్షునిగా నియమించెను. అశుతోష్ ముఖర్జీ, జియాయుద్దీన్ అహమ్మదు అందు సభ్యులు. 1919లో వెలువడిన నివేదిక 13 సంపుటములు. విశ్వవిద్యాలయము బాగుపడవలెనన్న ముందు ఉన్నత పాఠశాలలు బాగుపడవలెనని ఆ సంఘము నిర్ణయించెను. ఇంటర్మీడియటు తరగతులను విశ్వవిద్యాలయమునుండి వేరుచేసి ప్రత్యేక మండలికి అప్పగింపవలెననియు, పట్టపు చదువు మూడేండ్లు ఉండవలెననియు, పాఠశాలలలో మాతృభాషకు మరింత చోటు కల్పింపవలెననియు సూచించెను. కలకత్తాలోనే వీనిలో పెక్కు ఆచరణకు రాలేదు. అయినను ఢాకా విశ్వవిద్యాలయము 1921లో వెలసెను. ఇంటర్మీడియటుకు వేరుగా మండలి యుండవలెనన్న తలంపు అన్యప్రాంతములకును ప్రాకెను. తెలుగునాట అట్టి మండలి 1971లో ఏర్పడెను.

1923 నుండి 1934 వరకు ఆక్సుఫర్డులోని యూనివర్సిటీ కళాశాలకు అధిపతిగా నుండి, 1943 అక్టోబరు 14వ తేదీన సాడ్లరు దివంగతుడయ్యెను. పరుల విద్యను కన్నులు తెరచి చూడుడు, కాని స్వంత నేలను మరువకుడు: ఆయన జీవితము నేర్పు పాఠమిదియే.