హరిశ్చంద్రునికి పద్యమిచ్చిన కవి బలిజేపల్లి

మన పల్నాటి పల్లెలలో ఒకప్పుడు తిరునాళ్లు జరిగితే ఆ రాత్రి నాటకం ఉండితీరవలసినదే. ఆ నాటకం హరిశ్చంద్ర అయితే చుట్టుప్రక్కల ఊళ్ల జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. అక్షరం ముక్క రాని రైతు సైతం మరునాడు అరక దున్నుతూ కాటిసీను పద్యాలను రాగంతో సహా పాడుకొనేవాడు. కాని ఆ నాటకం వ్రాసిన కవి ఎవరని అడిగితే మాత్రం చాలమంది హరిశ్చంద్ర వేషం కట్టిన నటుని పేరే చెప్పేవారు. పద్యం ఇంటింటికీ చేరింది. పద్యకర్త వెనుకనే నిలిచిపోయినాడు. ఆయనయే బలిజేపల్లి లక్ష్మీకాంతకవి.

లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడు గ్రామంలో జన్మించినారు. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి ఆదిలక్ష్మమ్మ. బాల్యంలో మేనమామ భాగవతుల చెన్నకృష్ణయ్యగారి వద్ద చదువుకొన్నారు. కర్నూలులో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, రిజిస్ట్రారు కార్యాలయంలో కొంతకాలం గుమాస్తాగా పనిచేసినారు. దస్తావేజులు నకలు వ్రాసే ఆ కొలువు కవిహృదయానికి నచ్చేది కాదు గదా! తరువాత గుంటూరు చేరి, హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైనారు. అప్పటికే ఆయనకు అవధానిగా పేరు వచ్చింది. సంస్థానాలలో అవధానాలు చేసి సత్కారాలు పొందినారు.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించవలె. ఆనాడు మన దేశంలో అవధానవిద్య వెల్లువగా ప్రవహిస్తున్నది. తిరుపతి వేంకటకవులు ఊరూర సభలు జరుపుతున్నారు. నరసరావుపేట సమీపంలోని కొప్పరం నుండి బయలుదేరిన కొప్పరపు సోదరకవులు ఆశుకవిత్వంతో వారికి దీటుగా నిలిచినారు. అవధాని చెప్పే పద్యానికి ఒక గుణం తప్పనిసరి: అది వినగానే తెలియాలి. చేతిలో పుస్తకం లేని సభకు అన్వయక్లేశం పనికిరాదు. ఈ గుణమే నాటకరంగానికీ కావలసినది. కనుకనే తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలూ, బలిజేపల్లివారి హరిశ్చంద్రా జనం నాలుకలమీద నిలిచినవి. పండితసభలో పుట్టిన విద్య పామరుని పందిటిలోనికి నడచివచ్చిన దారి ఇది.

సత్యహరిశ్చంద్రీయాన్ని ఆయన 1912 ప్రాంతంలో రచించినారు. కథ కొత్తది కాదు. మార్కండేయ పురాణంలో ఉన్నది. పదునైదవ శతాబ్దిలో గౌరన ద్విపదగా చెప్పినాడు. బాల్యంలో రాజకోటలో హరిశ్చంద్ర నాటకం చూచిన గాంధీమహాత్ముడు ఆ కథ తన మనస్సును ఎంతగా పట్టినదో ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. 1913లో ఫాల్కే తీసిన మన దేశపు తొలి పూర్తి నిడివి చలనచిత్రమూ ఈ కథయే. ఇంత తెలిసిన కథలో కవి చూపగల నేర్పు ఏమి? మాట చేసిన మనిషి ఆ మాటకోసం మెట్టుమెట్టుగా ఏమి పోగొట్టుకొంటాడో చూపుటయే. రాజ్యం పోయినది, భార్య కాలకౌశికుని ఇంట దాసి అయినది, తాను వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అయినాడు. చివరకు పాము కాటుకు గురియైన కొడుకు శవంతో చంద్రమతి శ్మశానానికి వస్తే, కాటి సుంకం చెల్లించనిదే దహనం చేయరాదని ఆ తండ్రియే పలుకవలసివచ్చింది. ఆ ఘట్టంలో కన్నీరు పెట్టని ప్రేక్షకుడు లేడు.

కవిగారు నాటకం వ్రాసి ఊరుకొన్నవారు కారు. స్వయంగా రంగమెక్కి నటించినారు. హరిశ్చంద్రుని వేషం కోరకుండ, అప్పు వసూలుకై రాజును వెన్నంటి వేధించే నక్షత్రకుని పాత్ర ధరించి మెప్పుపొందినారు. ఈ ఎన్నికలో ఆయన రంగస్థలజ్ఞానం కనపడుతుంది. నక్షత్రకుడు హాస్యమూ క్రౌర్యమూ కలిసిన మనిషి. అతడు సరిగా వేధించకపోతే హరిశ్చంద్రుని ఓర్పుకు విలువ లేదు. మొలియేరు ఫ్రాన్సులోను, షేక్స్పియరు ఇంగ్లండులోను నాటకకర్తలై నటులు కూడ అయినారు. ప్రేక్షకుని ఊపిరిని దగ్గరనుండి విన్న రచయిత వ్రాతలో వ్యర్థపదం తగ్గుతుంది. మన కవిగారి విషయంలోను ఇది సత్యమే.

గుంటూరులో చంద్రికా ముద్రణాలయం నడిపినారు. జాతీయోద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించినారు. సత్యంకోసం కష్టపడిన రాజు కథను వ్రాసిన కవి తానూ ఒక మాటకు కట్టుబడి చెరసాలకు వెళ్లడం విశేషం.

అరువదికి దగ్గరపడిన వయస్సులో ఆయన మద్రాసు చేరి చలనచిత్రాలకు రచన సాగించినారు. 1939లో వై.వి. రావు తీసిన మళ్ళీపెళ్ళి బాలవితంతువు పునర్వివాహాన్ని సమర్థించిన చిత్రం. దానికి మాటలూ పాటలూ వ్రాసి, పూర్వాచారపరుడైన పంతులుగారి వేషం కూడ తామే ధరించినారు. సంస్కరణను సమర్థించే మాటలు వ్రాసిన కలమే సంస్కరణకు అడ్డు నిలిచే పాత్రను పోషించింది. నక్షత్రకుని ఎన్నుకొన్న నటునికి ఇది కష్టం కాలేదు. తరువాత 1940లో భూకైలాస్, 1942లో బాలనాగమ్మ వంటి చిత్రాలకు రచన చేసినారు. 1953లో కాళహస్తిలో పరమపదించినారు.

ఇక హరిశ్చంద్ర నాటకం ఆయన చేతినుండి జారి ప్రజలదైన తీరు చెప్పవలె. కంట్రాక్టు నాటకాల కాలం వచ్చింది. ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు రంగమెక్కేవారు. కాటిసీనుకు అందరికంటె పేరుగల గాయకుడు దిగేవాడు. డి.వి. సుబ్బారావు వంటి నటులు ఆ ఒక్క ఘట్టంతోనే ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూపినారు. వన్సుమోరు కేకలకు చనిపోయిన కొడుకు ప్రక్కనే పద్యం రెండవసారి, మూడవసారి సాగేది. కథనడక దెబ్బతిన్నది. నాటకంలోని తక్కిన రంగాలు క్రమంగా కుంచించుకొని పోయినవి. ఇది కవికి జరిగిన అన్యాయమే.

దానికితోడు ఇతరుల పద్యాలు కూడ నాటకంలో చేరినవి. వానిలో ముఖ్యమైనవి జాషువ కవి శ్మశానవాటి ఖండికలోనివి. జాషువ 1895లో వినుకొండలో జన్మించినాడు. 2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే ఆ వినుకొండ. ఆయన కూడ గుంటూరులో తెలుగు ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడే. కులం పేరిట అడుగడుగున అవమానాలు పొందిన కవి, శ్మశానం నడుమ నిలబడి, రాజూ కవీ చిత్రకారుడూ అందరూ ఒక్క మట్టిలో కలిసే చోట కులభేదం నిలువజాలదని చెప్పినాడు. నటులు ఆ పద్యాలను హరిశ్చంద్రుని నోట పలికించినారు.

ఒకరి కృతిలో మరొకరి పద్యం చొప్పించడం సాహిత్యమర్యాద కాదని పాఠం చెప్పేటప్పుడు నేనూ అంటాను. అయినా ఈ ఒక్క చోట నా మనస్సు ఒప్పుకొంటుంది. బలిజేపల్లివారి హరిశ్చంద్రుడు సార్వభౌముడై ఉండి కాటికాపరి కొలువులో నిలిచినవాడు. కులగర్వం ఆ పాత్రనుండి ఎప్పుడో రాలిపోయింది. జాషువ మాట పలుకుటకు అంతకంటె తగిన నోరు ఎక్కడ దొరుకుతుంది? రచ్చబండ దగ్గర ఎడముగా కూర్చోవలసివచ్చినవారూ, వారిని ఎడముగా కూర్చోబెట్టినవారూ ఒకే పందిరి ముందు ఆ పద్యం విని తలలూపినారు. ఇంటికి వెళ్లి ఎందరు మారినారో చెప్పలేము; కాని ఆ మాట అందరి చెవినీ పడింది. శాస్త్రాధ్యయనం చేసిన కుటుంబంలో పుట్టిన అవధాని రంగాన్ని కట్టి ఇచ్చినాడు. అస్పృశ్యతను అనుభవించిన కవి ఆ రంగంమీద మాట్లాడినాడు. ఇద్దరూ తెలుగు పాఠం చెప్పి బ్రతికినవారే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తరగతిలో కాటిసీను పద్యం వినిపించినప్పుడు అది ఏ కవిదో పేరు పెట్టి చెప్పండి. బలిజేపల్లివారి నాటకాన్ని మొదటినుండి చివరిదాక విద్యార్థులచేత చదివించండి. ఒక పిల్లవానికి నక్షత్రకుని మాటలు ఇవ్వండి. పద్యం మన నోట మిగిలి, కవి పేరు మరుగుపడితే ఆ లోటు తీర్చవలసినది బడిలోని మనమే.