డీజిల్ అనేది ఒక మనిషి పేరు



మాది జగ్గయ్యపేట దగ్గర తండా. మా నాయనకు ఒక పాత ఆయిల్ ఇంజను ఉంది. మిరప తోటలకు నీళ్లు పెట్టడానికి బాడుగకు తీసుకుపోతాడు. డీజిల్ రేటు పెరిగితే మా యాడి కూర వండదు, పచ్చడితోనే సరి. డీజిల్ అంటే నూనె పేరే అనుకున్నాను. అది మనిషి పేరంట!

రుడాల్ఫ్ డీజిల్ గారు 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ వారు. తండ్రి తోలు వస్తువులు చేసేవారు. 1870లో ఫ్రాన్సుకు, జర్మనీకి యుద్ధం వచ్చింది. ఆ కుటుంబం లండన్ పోవలసి వచ్చింది. అక్కడి నుంచి 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలో బంధువుల ఇంటికి పంపారు. మనం ట్రంకుపెట్టె పట్టుకొని హాస్టల్‌కు వచ్చినట్టే. 14 ఏళ్లప్పుడు ఇంజనీరు అవుతానని ఇంటికి ఉత్తరం రాశారు. ఇంట్లో వాళ్లు పనిలో చేరమన్నా, స్కాలర్‌షిప్‌తో మ్యూనిక్‌లో చదివి 1880లో పాసయ్యారు.

ఆ కాలంలో ఆవిరి యంత్రాలు బొగ్గు వేడిలో చాలా భాగం వృథా చేసేవి. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. అందులో నూనె చిమ్మితే నిప్పురవ్వ లేకుండానే మండుతుంది. ఇదే ఆయన ఆలోచన. 1893లో పరీక్ష చేస్తుంటే యంత్రంలో పేలుడు జరిగింది. ప్రాణం దక్కింది, పని మానలేదు. 1897లో ఇంజను బాగా నడిచింది. 26 శాతం వేడి పనిగా మారింది.

1900 పారిస్ ప్రదర్శనలో ఆ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపారు. ముందు ముందు మొక్కల నూనెలు అవసరం అవుతాయని ఆయన 1912లో చెప్పారు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండు పోయే ఓడలో కనిపించకుండా పోయారు. ఎట్లా చనిపోయారో ఇప్పటికీ తేలలేదు.

మన దేశం ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయట కొంటుంది. భూమిలో చమురు మళ్లీ ఊరదు. అది తగ్గితే నందిగామ రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయి? ఆదిలాబాద్ అడవుల్లో మన ఆదివాసీలు కానుగ నూనెతో ఇంజను నడిపి గూడెంలో దీపాలు వెలిగించారు. కానీ అన్నం పండే చేలో నూనె మొక్కలు వేస్తే తిండి తగ్గుతుంది. అందుకే కానుగను గట్ల మీద, బంజరులో పెంచాలి. నూనె పొదుపు చేయడం అంతకన్నా ముందు పని.

మా నాయన పదో తరగతి చాలు అంటున్నాడు. ఆయనకు చదువు రాదు, ఉత్తరం రాసి లాభం లేదు. పండక్కి ఇంటికి పోయినప్పుడు ఇంజను పక్కన కూర్చొని ఈ కథంతా చెబుతాను. నాకూ ఇప్పుడు 14 ఏళ్లే.

- 9వ తరగతి విద్యార్థిని