వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్

మన జిల్లాలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వేలూరుకు తీసుకొని పోతారు. వేలూరు తమిళనాడులో ఉన్నా, అక్కడి ఆసుపత్రికి పోయేవాళ్ళలో మన రాయలసీమవాళ్ళు చానామంది ఉంటారు. ఆ ఆసుపత్రిని మొదలుపెట్టింది ఒక ఆడమనిషి అని మనలో ఎక్కువమందికి తెలియదు. ఆమె పేరు డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్. ఆమె ఆసుపత్రి కట్టించి ఊరుకోలేదు. ఆడపిల్లలకు నర్సు చదువు, డాక్టరు చదువు చెప్పించి పరీక్షలకు కూడా పంపించింది. పరీక్షలంటే మనందరికీ భయం కాబట్టి ఈసారి గోడ పత్రికలో ఆమె జీవిత చరిత్ర రాస్తున్నాను. అందరూ చదవండి.

పుట్టుక, బాల్యం

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. అది వేలూరుకు దగ్గరే. వాళ్ళది అమెరికా కుటుంబం. ఆమె తాత జాన్ స్కడ్డర్ మిషనరీ డాక్టరు. నాయన పేరు కూడా జాన్ స్కడ్డరే, ఆయనా డాక్టరే. తల్లి పేరు సోఫియా. ఆ ఇంట్లో అందరూ మగపిల్లలే, ఈమె ఒక్కతే ఆడపిల్ల.

1876 నుంచి 1878 వరకు మన దిక్కున పెద్ద కరువు వచ్చింది. దాన్ని ధాత కరువు అంటారు. తిండి లేక లక్షలమంది చనిపోయినారు. ఆకలితో వచ్చిన పిల్లలకు చిన్న ఐడా తన చేత్తో రొట్టె ముక్కలు పంచిపెట్టింది. అంత చిన్న వయసులో చూసిన ఆ బాధ ఆమె మనసులో ఉండిపోయింది. తర్వాత అమెరికాకు పోయి చదువుకుంది. అక్కడ సుఖంగా ఉండాలనీ, మళ్ళీ ఇక్కడికి రాకూడదనీ అనుకుంది.

ఆమె మనసు మార్చిన రాత్రి

తల్లికి ఒంట్లో బాగాలేదని తెలిసి ఐడా ఇండియాకు వచ్చింది. అప్పుడు అమ్మానాయనలు తిండివనంలో ఉండేవాళ్ళు. తల్లికి నయం కాగానే అమెరికాకు తిరిగిపోవాలని ఆమె ఆలోచన.

ఒకరోజు రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వాళ్ళ ఇంటికి వచ్చినారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు వేరే కులం హిందువు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమయింది. వచ్చి కాపాడమని ఐడాను అడిగినారు. తనకు వైద్యం రాదనీ, తన నాయన డాక్టరు కాబట్టి ఆయన్ని తీసుకొని పోండనీ ఐడా చెప్పింది. పరాయి మగవాడు తమ ఇంటి ఆడవాళ్ళను చూడకూడదని ముగ్గురూ వెనక్కు పోయినారు. ఆ రాత్రి ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయినారు.

ఇక్కడ మనం ఒకటి గమనించాలి. ఆ ఊళ్ళో డాక్టరు లేక వాళ్ళు చనిపోలేదు. డాక్టరు పక్కనే ఉన్నాడు. చదువుకున్న ఆడమనిషి ఒక్కరు లేక చనిపోయినారు. ఐడా ఆ మాట బాగా తెలుసుకుంది. తానే డాక్టరు చదివి తిరిగి రావాలని నిశ్చయించుకుంది.

డాక్టరు చదువు, ఆసుపత్రి

ఐడా అమెరికాలో వైద్యం చదివి 1899లో కార్నెల్ మెడికల్ కాలేజీలో డాక్టరు పట్టా తీసుకుంది. ఆ కాలేజీలో ఆడవాళ్ళను చేర్చుకున్న మొదటి రోజులు అవి. న్యూయార్కులో షెల్ అనే బ్యాంకు ఆయన, చనిపోయిన తన భార్య పేరుమీద ఆసుపత్రి కట్టమని 10 వేల డాలర్లు ఇచ్చినాడు.

1900లో ఐడా వేలూరుకు వచ్చింది. అదే ఏడాది నాయన చనిపోయినాడు. మొదట్లో ఇంట్లోనే ఒక చిన్న గదిలో వైద్యం చేసింది. సాయానికి నర్సు ఎవరూ లేరు. పనివాళ్ళ కుటుంబంలోని సలోమి అనే ఆమెకు దగ్గరుండి పని నేర్పించి నర్సును చేసుకుంది. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచినారు. అందులో 40 మంచాలు. రాలేనివాళ్ళ కోసం డాక్టరమ్మే మందులు తీసుకొని గుడియాత్తం రోడ్డు వెంబడి పోయేది. చెట్ల కింద ఆగి రోగులను చూసేది.

నర్సుల బడి

ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? ఆపరేషను అయినాక రాత్రంతా రోగి పక్కన ఉండేది నర్సే. అందుకని 1909లో వేలూరులో నర్సుల బడి మొదలుపెట్టింది. ఆ రోజుల్లో నర్సు పనిని చానామంది తక్కువగా చూసేవాళ్ళు. రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పని అని ఇండ్లలో ఒప్పుకునేవాళ్ళు కాదు. అలాంటి పనికి చదువు ఉంది, దానికి పరీక్ష కూడా ఉంది అని చెప్పడమే పెద్ద సంగతి.

ఆ చదువులో ఏముంటుందో నాకు కొంచెం తెలుసు. మా పెద్దమ్మ కూతురు నర్సు కోర్సు చదువుతా ఉంది. సెలవులకు తండాకు వచ్చినప్పుడు పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలు అడగమంటాది. పెద్దవాళ్ళ నాడి నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవాలి. ఊపిరి 12 నుంచి 20 సార్లు తీసుకోవాలి. ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీటు, అంటే 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉండాలి. వాంతులు, భేదులు అయితే పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు మంచి నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. ప్యాకెట్టులో సగం వేసి సగం దాచుకుంటే మోతాదు తప్పుతాది. ఒక రోగి దగ్గర నుంచి ఇంకొక రోగి దగ్గరికి పోయేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అక్క ఒక్క అంకె తప్పు చెప్పినా మళ్ళీ మొదటి నుంచి అడగమంటాది. ఎందుకని అడిగితే, ఇక్కడ తప్పయితే మార్కు పోతాది, వార్డులో తప్పయితే మనిషి పోతాడు అని చెప్పింది.

కోర్సు పాసయినాక రాష్ట్ర నర్సుల కౌన్సిల్లో పేరు రిజిస్టరు చేయించుకోవాలి. మన కడప జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రాజధానిలో 1926లోనే నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. దేశమంతటికీ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది.

పద్నాలుగుమంది పరీక్ష

నర్సులతోపాటు ఆడ డాక్టర్లు కూడా కావాలని ఐడా అనుకుంది. 1918లో వేలూరులో ఆడపిల్లలకు మెడికల్ స్కూలు మొదలయింది. అది ఎల్.ఎం.పి. కోర్సు. ఆ పరీక్ష పాసయితేనే వైద్యం చేయడానికి లైసెన్సు ఇస్తారు. ఆడపిల్లలు చేరుతారా, చేరినా పాసవుతారా అని పెద్ద ఆఫీసర్లకే నమ్మకం లేకపోయింది. ఫెయిలయితే బాధపడవద్దని ఐడాకు ముందే చెప్పినారు. అప్పుడు బడికి పెద్ద బిల్డింగులు లేవు, పరికరాలు కూడా కొంచెమే. ఐడా పగలు ఆపరేషన్లు చేసుకుంటూ పాఠాలు కూడా చెప్పేది.

మొదటి ఏడాది పరీక్షకు 14 మంది ఆడపిల్లలు కూర్చున్నారు. మగపిల్లల స్కూళ్ళలో అయిదుగురికి ఒక్కరు పాసయినారు. వేలూరు ఆడపిల్లలు 14 మందికి 14 మందీ పాసయినారు. ఎవరి మీదా కోపం చూపకుండా, ఎవరితో వాదించకుండా, పరీక్ష రాసే జవాబు చెప్పినారు. 1922లో వాళ్ళు కోర్సు పూర్తి చేసి డాక్టర్లుగా బయటికి వచ్చినారు.

మళ్ళీ ఒక పరీక్ష

కొన్నేండ్ల తర్వాత మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. చదువు చాలదని, ఎం.బి.బి.ఎస్. ఉండాలని రూలు పెట్టింది. అప్పటికి ఐడాకు 65 ఏండ్లు దాటినాయి. కొత్త బిల్డింగులు, కొత్త మాస్టర్లు, చానా డబ్బు కావాలి. లేకపోతే కాలేజీ మూసెయ్యాలి. ఆ వయసులో ఆమె అమెరికాకు పోయి ఊరూరా తిరిగి చందాలు అడిగింది. మగపిల్లలను కూడా చేర్చుకుంటే డబ్బు వస్తుందని కొందరు, ఆడపిల్లల కాలేజీని అలా చెయ్యకూడదని కొందరు పట్టుబట్టినారు. 1942లో ఎం.బి.బి.ఎస్.కు అనుమతి వచ్చింది. 1946లో నర్సుల బడి కాలేజీ అయి బి.ఎస్సీ. నర్సింగ్ వచ్చింది. 1947 నుంచి మగపిల్లలను కూడా చేర్చుకున్నారు.

ఐడా పెండ్లి చేసుకోలేదు. ముసలితనంలో కొడైకెనాల్ కొండమీద ఉండింది. 1960 మే నెలలో చనిపోయింది. అప్పటికి 89 ఏండ్లు. చిరునామాలో డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకు చేరిందని చెప్పుకుంటారు.

మనం నేర్చుకోవలసినవి

మన జమ్మలమడుగులో కూడా లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. అక్కడ తెల్ల గౌను వేసుకున్న నర్సులను చూసి మనం దూరంగా నిలబడతాం. వాళ్ళు కూడా ఒకప్పుడు పుస్తకం ముందు పెట్టుకొని భయపడినవాళ్ళే. మన తండాల్లో, గూడేల్లో ఇప్పటికీ కొందరు ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గర తమ బాధ చెప్పుకోలేరు. మన భాష తెలిసిన ఆడపిల్ల అక్కడ ఉంటే చెప్పుకుంటారు.

మన ఇంట్లో ముందు ఎవరూ చదవలేదని, మనకు రాదని అనుకోకూడదు. సలోమి పనివాళ్ళ ఇంటినుంచి వచ్చింది. ఆ 14 మందినీ కూడా పాసు కారనే అనుకున్నారు. సైన్సు పుస్తకంలో గుండె బొమ్మ గీసి పేర్లు రాసేటప్పుడు అది మార్కుల కోసమే అనుకోవద్దు. రేపు ఎవరి గుండె మీదనో మన చెయ్యి పెట్టవలసి వస్తుంది. అందుకని ఇప్పుడే సరిగ్గా చదువుదాం.

సేకరణ: 9వ తరగతి విద్యార్థిని