చిన్న తెరేజమ్మగారి నాన్నగారు



చిన్నపుష్పం తెరేజమ్మగారిని ఎరుగని కథోలిక కుటుంబం మనలో ఉండదు. ఆమె కన్నతండ్రి లూయీ మార్టిన్ గారు కూడా పునీతులే. అయితే ఆ పునీతుడు తన ముసలితనంలో మతి చలించి, మూడేళ్లకు పైగా మానసిక రోగుల ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

లూయీగారు 1823 ఆగస్టు 22న ఫ్రాన్సు దేశంలోని బోర్డోలో జన్మించారు. అలాన్సోన్ పట్టణంలో గడియారాల పని చేస్తూ 1858లో జేలీ గెరాన్ గారిని వివాహమాడారు. తొమ్మిదిమంది పిల్లలు పుడితే ఐదుగురు ఆడపిల్లలు దక్కారు. 1877లో జేలీగారు రొమ్ము క్యాన్సరుతో కన్నుమూశారు. తల్లిలేని పిల్లలకు మేనమామ అండ ఉండాలని లూయీగారు లిసియూ పట్టణానికి మకాం మార్చారు.

1887 మే నెలలో ఆయనకు మొదటిసారి పక్షవాతం తగిలింది. తేరుకున్నారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో తన చిన్న కూతురు తెరేజను స్వయంగా కార్మెల్ మఠానికి అప్పగించారు. జూన్‌లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయారు. నాలుగు రోజులు వెతికితే లె హావ్ర్ రేవు పట్టణంలో కనిపించారు. మెదడులోని రక్తనాళాలు గట్టిపడటమే ఈ జబ్బుకు మూలం. ఊళ్లోవాళ్లు మాత్రం, కూతుళ్లు ఒకరి తరువాత ఒకరు మఠంలో చేరినందువల్లే తండ్రికి పిచ్చిపట్టిందని గుసగుసలాడారు. ఆ మాటలు తెరేజమ్మ చెవిన కూడా పడ్డాయి.

1889 ఫిబ్రవరిలో పరిస్థితి విషమించింది. ఎక్కడో యుద్ధం జరుగుతున్నట్టు, శత్రువులు మీదికి వస్తున్నట్టు ఆయనకు తోచింది. కూతుళ్లను కాపాడాలని తుపాకీ చేతపట్టారు. మందుల దుకాణం నడిపిన బావమరిది గెరాన్ గారు ఇక గత్యంతరం లేక, ఫిబ్రవరి 12న ఆయనను కాన్ నగరంలోని బోన్ సోవేర్ ఆసుపత్రిలో చేర్పించారు.

కూతుళ్లు సెలీన్, లెయొనీ ఆయనను అక్కడ వదిలేసి ఊరుకోలేదు. అదే నగరంలో కన్యాస్త్రీల వద్ద బసచేసి సుమారు మూడు నెలలు ఉన్నారు. తండ్రిని చూడటానికి వారానికి ఒక్కసారే అనుమతి. అయినా ప్రతిరోజూ వెళ్లి ఆయన క్షేమం అడిగి వచ్చేవారు.

బోన్ సోవేర్ మఠవాసినులకు ఈ సేవ కొత్తది కాదు. పియేర్ ఫ్రాన్స్వా జామే అనే గురువు పందొమ్మిదవ శతాబ్దం తొలి సంవత్సరాల నుండి ఆ మఠాన్ని నిలబెట్టి, మానసిక రోగుల సేవలో వారిని నడిపించారు. అలాంటి అనుభవం గల చేతుల్లో లూయీగారు ఉన్నారు. మతి తేటపడిన వేళల్లో ఆయన దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారు. తనకు తెచ్చిన తినుబండారాలు తోటి రోగులకు పంచేవారు. ఇంతకాలం అందరిచేత గౌరవం పొందిన తనకు ఈ అవమానం కూడా అవసరమేనని వైద్యునితో చెప్పారట.

1892 నాటికి కాళ్లు పడిపోయాయి. ఇక దారి తప్పి పోతారన్న భయం లేదు గనుక మే 10న ఇంటికి తీసుకువచ్చారు. పనివారి సాయంతో సెలీన్ ఆయనను కంటికి రెప్పలా చూసుకుంది. 1894 జూలై 29న ఆయన ప్రభువులో నిద్రించారు.

తెరేజమ్మ చిన్ననాట, తండ్రి ప్రయాణంలో ఉన్న ఒక రోజున, ముఖం కప్పుకొని వంగిపోయి నడుస్తున్న ముసలివానిగా ఆయనను పెరట్లో చూసింది. ఆ దర్శనానికి అర్థం ఈ వ్యాధిలోనే ఆమెకు తెలిసింది. శ్రమలలో క్రీస్తు తిరుముఖం కూడా అలాగే మరుగుపడిందని గ్రహించింది.

మన విచారణల్లోనూ ఇలాంటి తండ్రులు, తల్లులు ఉన్నారు. వారిని గదిలో దాచి, అడిగినవారికి ఒంట్లో బాగాలేదని చెప్పి సరిపెడతాం. వృద్ధాశ్రమంలో చేర్చినవారు పాపం చేసినట్టు తలదించుకుంటారు. చేర్చడం తప్పు కాదు, చేర్చి మరచిపోవడమే తప్పు. అక్కడ రాత్రివేళ ఎందరు పనిచేస్తారు, ఈ జబ్బు గురించి వారికి శిక్షణ ఉందా అని అడగండి. మనుషులు చాలనిచోట ముసలివారిని మత్తుమందులతో పడుకోబెట్టాలన్న శోధన వస్తుంది. మతి చలించిన వృద్ధులకు మానసిక రోగాల మందులు కొన్ని ఇస్తే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే గట్టిగా హెచ్చరించింది. అవి ఒక్కోసారి అవసరమే కావచ్చు. మీ అంతట మీరు ఆపకండి. ఏ మందు, ఎందుకు, ఎంతకాలం అని వైద్యుని అడగండి. భయపడి కేకలు వేసే ముసలివారికి ముందుగా కావలసింది చేయిపట్టుకొని కూర్చునే మనిషి.

2015 అక్టోబరు 18న జగద్గురువులు ఫ్రాన్సిస్ లూయీ, జేలీ దంపతులను జంటగా పునీతులని ప్రకటించారు. మతి పోయినంత మాత్రాన పరిశుద్ధత పోదని దీనివల్ల తెలుస్తోంది. జూలై 12న వచ్చే వారి పండుగనాడు మీ ఇంటి పెద్దల పేర్లు చెప్పి ప్రార్థించండి. ఆ ఆదివారం వెళ్లి వారిని చూసి రండి. మిమ్మల్ని వారు గుర్తుపట్టకపోయినా సరే, మీరు వారిని గుర్తుపడతారు గదా!