మొదటి సాలారు జంగు

చౌమహల్లా ప్రాసాదమును చూడబోవు విద్యార్థులు తప్పక నిలిచి చూచునది పసుపు వన్నెగల రోల్స్‌రాయిస్ మోటారుకారు. 1912వ సంవత్సరపు ఆ బండి నిజాము ప్రభువుల ఉత్సవ వాహనము. వీధిలోనికి వచ్చుట మిక్కిలి అరుదు. మంత్రులకు సర్కారు కార్లెన్ని యుండవలెను, వాని చమురునకు ప్రజాధనమెంత వెచ్చింపవచ్చును అను చర్చ నేటికిని వినవచ్చుచున్నది. ఆ మాట వచ్చినప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చువాడు, మోటారుకారును కన్నులార చూడకయే గతించిన దివాను సాలారు జంగు.

ఆయన పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829 జనవరి 21న జన్మించెను. చిన్ననాడే తండ్రి పోగా తండ్రి సోదరుడు సిరాజుల్ముల్కు పెంచెను. యౌవనమున కొలది నెలలు తెలుగు సీమయందు తాలూకుదారుగా నుండి రైతుల స్థితిని స్వయముగా కనుగొనెను. 1853 మే నెలలో, సైన్యపు జీతముల బాకీ క్రింద బేరారు సీమ ఇంగ్లీషువారి చేతిలోనికి పోయినది. కొద్ది దినములకే దివానుగానున్న సిరాజుల్ముల్కు మరణించెను. ఇరువది నాలుగేండ్ల యువకుని తలపై ఆ భారము పడినది. బొక్కసము వట్టిది, ప్రభువుల రత్నములు సైతము తాకట్టున నుండెను.

ఆ కాలమున శిస్తు వసూలును గుత్తకిచ్చెడివారు. గుత్తదారు తాను వసూలుచేసిన ప్రతి రూపాయికి రెండణాలు ఖర్చుక్రింద ఉంచుకొనుట వాడుక. అంతటితో ఆగువారెందరో పాఠకులే ఊహింతురుగాక! అట్టివాని గుమ్మమున ఏనుగు కట్టబడియున్నను, పల్లకి దించబడియున్నను, దాని మూల్యము ఏ రైతు కొట్టమునుండి వచ్చినదో చెప్పగలవాడు లేడు. సాలారు జంగు ఈ గుత్తలను క్రమముగా తొలగించి జీతముగల ఉద్యోగులను నియమించెను. 1865లో రాజ్యమును జిల్లాలుగా విభజించెను. ఒక అధికారి సర్కారునకు ఎంత ఖర్చగుచున్నాడో లెక్కచూచుట అప్పుడు గదా సాధ్యమైనది! మా దృష్టిలో ఆయన చేసిన కార్యములన్నిటిలో ఇదియే పెద్దది.

ఆయన నిరాడంబరుడని చెప్పిన అసత్యమగును. గొప్ప జాగీరుదారు, దివాను దేవిడిలో విందులకు కొరతలేదు. అయినను ఇంట వాహనములెన్ని యున్ననేమి? అఫ్జలుద్దౌలా ప్రభువు కాలమున, నగరద్వారము దాటి తన తోటకు పోవలెనన్నను, గుఱ్ఱమెక్కి వాహ్యాళికి వెడలవలెనన్నను, దివాను ప్రభువు సెలవు వేడవలసియుండెను. 1857లో ఇంగ్లీషువారి పక్షమున నిలిచినందున నగరమున ఆయనకు శత్రువులు మెండైరి. 1859లో దర్బారునుండి రెసిడెంటుతో కూడ వెలుపలికి వచ్చుచుండగా ఒకడు తుపాకి పేల్చెను. 1868 జనవరిలో పండుగ దర్బారునకు మోతగాండ్రు ఆసనముపై మోసికొనిపోవుచుండగా మరల గుండ్లు వచ్చినవి. ఆయనకు దెబ్బ తగులలేదు; పరివారములోనివాడొకడు గాయపడెను. వాహనమున కూర్చున్నవాని పేరు చరిత్రకెక్కును, మోసినవాని పేరు ఎక్కదు.

1869లో ప్రభువు గతింపగా, బాలుడైన మహబూబ్ అలీఖాన్ పక్షమున షంసుల్ ఉమ్రాతో కలిసి రాజ్యమేలెను. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలు నడిచినది. 1876లో ఆయన సీమకు పోయెను. దారిలో పారిసున జారిపడి కాలు విరిగినందున లండనులో చాల దినములు కదలలేకపోయెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము బిరుదమిచ్చినది గాని, ఆయన మనసారా కోరిన బేరారు మాత్రము రాలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హఠాత్తుగా మరణించెను. దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. దివాను దేవిడి చాలవరకు కూలిపోయినది. ఏనుగులును పల్లకీలును వచ్చిపోయిన ఆ ద్వారము నేడు అంగళ్ళ నడుమ నిలిచియున్నది.