లారీ కింద రాబర్ట్ హుక్

ఇంటర్ ఫిజిక్స్ చదివిన వాళ్లెవరికైనా రాబర్ట్ హుక్ అనగానే స్ప్రింగే గుర్తొస్తుంది. నాకూ అంతే. కానీ రోడ్డు మీద వెళ్లే దాదాపు ప్రతి లారీ కింద ఆయన పేరుతో ఇంకోటి తిరుగుతోంది, హుక్స్ జాయింట్. మెకానిక్‌లు క్రాస్ అంటారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలో ఉండేది అదే.

హుక్ 1635లో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పుట్టాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. లండన్‌లో స్కూలు చదువు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర పని. బాయిల్‌కి ఎయిర్ పంప్ తయారు చేసిపెట్టింది ఈయనే. 1662లో రాయల్ సొసైటీ ఆయన్ని ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగంలో పెట్టుకుంది. 1666లో లండన్ తగలబడ్డాక, ఊరు మళ్లీ కట్టడానికి స్థలాలు కొలిచిన వాళ్లలో ఆయనా ఒకడు.

1676లో వేసిన ఒక చిన్న పుస్తకంలో ఈ జాయింట్ గురించి రాశాడు. స్ప్రింగ్ సూత్రాన్ని కూడా అందులోనే అక్షరాలు కలగాపులగం చేసి దాచిపెట్టి, 1678లో విప్పి చెప్పాడు. మా సీఎస్ఈ భాషలో, ముందు హ్యాష్ పెట్టి తర్వాత డేటా బయటపెట్టడం అన్నమాట.

ఆయన జాయింట్ బండ్ల కోసం కాదు, ఖగోళ పరికరాలు, నీడ గడియారాల కోసం. ఒకే లైన్లో లేని రెండు కడ్డీల్ని అది కలుపుతుంది. చిక్కేంటంటే, మొదటి కడ్డీ ఒకే స్పీడులో తిరిగినా రెండోది అలా తిరగదు. కోణం 20 డిగ్రీలైతే, ఇటు 1000 ఆర్‌పీఎం ఉన్నప్పుడు అటు ప్రతి చుట్టులో రెండుసార్లు సుమారు 940కి పడి 1064కి లేస్తుంది. నీడ గడియారంలో గంటల గీతలు సమాన దూరంలో ఉండవు కదా, లెక్క అదే. అక్కడ ఈ తేడా లోపం కాదు, కావాల్సిందే అది.

లారీకి మాత్రం లోపమే. అందుకే షాఫ్ట్‌కి రెండు చివర్లా జాయింట్లు. రెండు కోణాలూ సమానంగా ఉండి, షాఫ్ట్ చివర్లలో కొమ్ముల్లా ఉండే రెండు యోక్‌లు ఒకే వరసలో ఉంటే, ఒకదాని తేడాని ఇంకోటి కొట్టేస్తుంది. ఈ జంట ఉపాయం కూడా హుక్ చెప్పిందే.

ట్రక్కు ఎత్తు పెంచినా, వేరే గేర్‌బాక్స్ పెట్టినా కంపెనీ షాఫ్ట్ పొడవు సరిపోదు, కోణాలూ మారతాయి. అప్పుడు ట్యూబ్ కోసి, కావలసిన పొడవుకి వెల్డింగ్ చేసి, బ్యాలెన్సింగ్ చేయిస్తారు. యోక్ కాస్త పక్కకి తిరిగి అతుక్కుందా, బండి వణుకుతుంది, బేరింగులు పోతాయి. స్పీడులో షాఫ్ట్ ఊడితే ప్రాణాలకే ముప్పు.

హుక్ 1703లో చనిపోయాడు. గురుత్వాకర్షణ విషయంలో న్యూటన్‌తో గొడవ తెగనే లేదు. కచ్చితంగా ఆయనదే అని చెప్పగల బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. నాకైతే ఆయన గుర్తు వేరే చోట కనిపిస్తుంది. షాఫ్ట్ కోసే ముందు, యోక్‌ల వరస తప్పకుండా మెకానిక్ ట్యూబ్ పొడవునా ఒక గీత గీస్తాడు. ఆ గీత ఎందుకో, హుక్ పేరు వినని మెకానిక్‌కి కూడా తెలుసు.